బల్బుకు కట్టిన వరదగుడి

సన్యాసిరావు అన్న నా పేరు జీతం చీటీకి తప్ప కాలనీలో ఎవరికీ తెలియదు. అందరికీ నేను ‘తీసెయ్ బాబు’ని. బైలదిల్లా కొండ మీద ఇనుప గని, కొండ కింద మా కాలనీ. ఆ కాలనీలో కరెంటు పనులన్నీ చూసుకునే ఫోర్‌మన్‌ని. బొబ్బిలి దగ్గరి పల్లె నుంచి ఇరవై రెండేళ్ల వయసులో వచ్చి, ముప్పై ఆరేళ్లు ఇక్కడి ఎర్రదుమ్ము మింగాను.

పట్టపగలు వరండాలో ట్యూబ్‌లైటు వెలుగుతూ కనిపిస్తే నాకు ఒళ్లు మండిపోతుంది. కంపెనీ క్వార్టర్లు కదా, ఎంత కాల్చినా ఎవరూ అడగరు. గీజరు వేసి బజారుకి వెళ్లేవాళ్లున్నారు. ఊరికి వెళుతూ ఇంట్లో ఎవరో ఉన్నట్టు ఉంటుందని పదిహేను రోజులు లైట్లన్నీ వేసి పోయిన మహానుభావుడూ ఉన్నాడు. నేను సైకిలు గేటుకి ఆనించి, తలుపు కొట్టి, “లైటు తీసెయ్యండమ్మా” అని అరిచేవాణ్ని. బెంగాలీ అయినా, బిహారీ అయినా, నోరు తిరిగినా తిరక్కపోయినా ఆ ఒక్క తెలుగు ముక్క నేర్చుకున్నారు. నేను వీధి మలుపులో కనిపిస్తే చాలు, పిల్లలు “తీసెయ్, తీసెయ్” అని ఇళ్లలోకి పరిగెత్తేవారు.

మొదట్లో నా దగ్గర హెల్పరుగా చేరిన హిడ్మా అనే ఆయన ఈ మాటతో నన్ను ఒకరోజు గంటసేపు నవ్వించాడు. పక్క కొండ మీది ఊరివాడు, ఇంట్లో గోండి, పనిలో హిందీ. క్లబ్బు హాల్లో మీటింగు అయిపోయాక “హిడ్మా, లైటు తీసెయ్” అని చెప్పి బయటికి వచ్చాను. ఎంతకీ రాడు. వెళ్లి చూస్తే నిచ్చెన వేసుకుని పద్నాలుగు ట్యూబులూ విప్పి, గోడకి వరసగా నిలబెట్టి, చెమట తుడుచుకుంటున్నాడు. “తీసేశాను సాబ్” అన్నాడు. తప్పు అతనిది కాదు. నేను చెప్పిందే అతను చేశాడు.

ఇదంతా నవ్వుకునే సంగతి. నేను చెప్పవలసింది వేరే ఉంది. నా భార్య సుశీలకు ఇప్పుడు రెండు కళ్లూ కనిపించవు. వెలుతురు గురించి కాలనీ అంతటికీ జవాబులు చెప్పినవాణ్ని, నా ఇంట్లో ఏడేళ్లపాటు అడిగిన ఒక్క ప్రశ్నకు తప్పు జవాబు చెబుతూ వచ్చాను. అది కూడా వెక్కిరిస్తూ చెప్పాను.

రెండువేల తొమ్మిదిలో గని ప్రాజెక్టువాళ్లు ఇళ్లలో పాత బల్బులు పట్టుకుపోయి, వాటి బదులు సీఎఫ్‌ఎల్‌లు ఇవ్వాలని నిర్ణయించారు. నా ఇంటితోనే మొదలుపెట్టాను. వంటింట్లో అరవై వాట్ల బల్బు విప్పి, మెలికలు తిరిగిన పదిహేను వాట్ల సీఎఫ్‌ఎల్ బిగించాను. సుశీల దాని కింద నిలబడి తల ఎత్తి చూసింది.

“ఇదేటండి, పథ్యం తిన్న మొహంలాగుంది ఎలుతురు.”

పాత బల్బు వంద వంతుల కరెంటు తింటే ఐదు వంతులే వెలుతురిస్తుందనీ, మిగతా తొంభై ఐదూ వేడిగా దండగైపోతుందనీ ఆవిడకు వివరించాను. “మనం వెలుతురు కోసం కాదే, పొయ్యి కోసం కరెంటు కాలుస్తున్నాం ఇన్నాళ్లూ” అన్నాను. ఆ మాట నాకే నచ్చి, తర్వాత చాలా ఇళ్లలో చెప్పాను.

ఏడాది గడిచింది. ఒకరోజు కూర తరుగుతూ, “ఎలుతురు సాలట్లేదండి” అంది. నేను వినిపించుకోలేదు. వారం తర్వాత మళ్లీ అంది. ఆఫీసులో లక్స్ మీటరు ఉండేది. అరచేతిలో పట్టే పసుపు డబ్బా, దాని తీగ చివర తెల్లటి గుండీ. ఆ గుండీ మీద ఎంత వెలుతురు పడుతోందో అంకె చూపిస్తుంది. దాన్ని ఇంటికి తెచ్చాను. కూర తరిగే చోట పెట్టి ఆవిడను పిలిచాను.

“చూడు, నూట ఎనిమిది. పాత బల్బు విప్పేముందు కొలిస్తే తొంభై రెండే. పెరిగింది కానీ తగ్గలేదు.”

“ఆ డబ్బాకి అగుపడతందేమో గానీ నాకు అగుపడ్డంలేదు.”

“డబ్బాకి అబద్ధం చెప్పాల్సిన అవసరమేటే?”

ఆవిడకు మాత్రం ఏం అవసరమో నేను ఆలోచించలేదు. పెళ్లయి పాతికేళ్లైంది, ఒక్క చీర కోసం కూడా అబద్ధం ఆడని మనిషి. నేను మీటరు సంచిలో పెట్టుకుని డ్యూటీకి వెళ్లిపోయాను.

అప్పటినుంచి మా ఇంట్లో ఒక చిన్న యుద్ధం జరిగేది. ఆవిడ పగలు కూడా వంటింట్లో లైటు వేసేది. నేను భోజనానికి వచ్చి చూసి, టక్కున తీసేసేవాణ్ని. “బయట సూర్యుడు వెలుగుతున్నాడు, ఆయనకి బిల్లు లేదు” అనేవాణ్ని. లైటు పోగానే సుశీల చేస్తున్న పని ఆపి, గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయేది. నేను చేతులు కడుక్కుని పీట మీద కూర్చునేదాకా కదిలేది కాదు. నేను అది కోపం అనుకునేవాణ్ని. మొండితనం అనుకునేవాణ్ని. ఆ రెండు నిమిషాలూ ఆవిడ చీకట్లో నిలబడి ఉందని నాకెలా తెలుస్తుంది? నాకు అన్నీ కనిపిస్తున్నాయి కదా.

కొన్నాళ్లకు గ్లాసులు పడటం మొదలైంది. అరుగు అంచున పెట్టానని ఆవిడ అనుకునేది, గ్లాసు గాల్లో వదిలేసేది. స్టీలు గ్లాసు నేల మీద దొర్లుతుంటే నేను పేపరు మడిచి, “పరాకు ఎక్కువైంది నీకు” అనేవాణ్ని. బియ్యంలో రాళ్లు పంటికి తగిలేవి. తర్వాత అవీ ఆగిపోయాయి. ఎందుకు ఆగిపోయాయో నేను అడగలేదు. రాయి తగలని అన్నం గురించి ఎవరడుగుతారు!

రెండువేల పన్నెండు డిసెంబరులో, కరెంటు పొదుపు వారం పెట్టినప్పుడు, మేనేజరు నన్ను పిలిచి తెలుగువాళ్ల ఇళ్ల కోసం ఒక చిన్న పుస్తకం రాయమన్నాడు. జనం తరచుగా అడిగే ప్రశ్నలు, వాటికి జవాబులు. నాకంటే సంబరపడినవాడు లేడు. ఫ్యాను మెల్లగా తిప్పితే కరెంటు తగ్గుతుందా? పాత డబ్బా రెగ్యులేటరైతే తగ్గదు, కొత్తదైతే తగ్గుతుంది. టీవీ రిమోటుతో ఆపితే చాలదా? చాలదు, ఆ ఎర్ర చుక్క వెలుగుతున్నంతసేపూ అది తింటూనే ఉంటుంది. ఫ్రిజ్‌ని గోడకి ఆనించి పెట్టొచ్చా? వీపు గోడకి ఆనించి మీరు పరిగెత్తగలరా? ఇలా రాశాను. మేనేజరు చదివి నవ్వి, ఇంకో ప్రశ్న ఉంటే పేజీ నిండుతుందన్నాడు. అప్పుడు మా వంటిల్లు గుర్తొచ్చింది.

ఏడో ప్రశ్న: కొత్త బల్బు వేశాక వెలుతురు తగ్గినట్టు అనిపిస్తోంది. ఎందుకు?

జవాబు: తగ్గలేదు. అనిపిస్తుందంతే. పసుపు వెలుతురుకు అలవాటు పడిన కంటికి తెల్ల వెలుతురు కొన్నాళ్లు చాలనట్టు ఉంటుంది. బల్బు మీద దుమ్ము చేరితే నాలుగో వంతు వెలుతురు దుమ్ము పాలే. తరచుగా తుడవండి.

పుస్తకం అచ్చయ్యాక సుశీలకు ఇచ్చాను. కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి, ముక్కుకి ఆనించుకుని, మొహం అటూ ఇటూ తిప్పుతూ ఏడో ప్రశ్న దాకా వచ్చింది. “ఇది నేనే కదండి అడిగినాను” అంది. పేరు వేయలేదని చిన్నబుచ్చుకుందేమో అనుకుని, “వచ్చే ఏడు నీ పేరు వేయిస్తాలే” అన్నాను. పుస్తకం మడిచి దేవుడి గూట్లో పెట్టుకుంది.

రెండేళ్ల తర్వాత వానాకాలంలో ఒక సాయంత్రం, వంటింటి గుమ్మంలో నిలబడి పైకి చూస్తూ అంది:

“ఏటండీ, బల్బుకి వరదగుడి కట్టింది.”

మా ఊళ్లో వాన వచ్చే ముందు చంద్రుడి చుట్టూ గుండ్రంగా వెలుగు కడుతుంది. దాన్ని వరదగుడి అంటాం. చిన్నప్పుడు పెరట్లో మంచం మీద పడుకుని, గుడి దూరంగా కడితే వాన దగ్గరనీ, దగ్గరగా కడితే వాన దూరమనీ లెక్కలు వేసుకునేవాళ్లం. నాకు నవ్వొచ్చింది.

“దగ్గరగా కట్టిందా, దూరంగానా?”

“రంగులు రంగులుగా ఉంది. నిన్న కూడా కట్టింది.”

“అయితే వంటింట్లో వాన పడుతుంది. గొడుగు వేసుకుని వంట చెయ్యి.”

తర్వాత కొంచెం మంచిగానే చెప్పాను. ఇక్కడి గాల్లో ఇనుము ఉంది, బట్టలు ఆరేస్తే ఎర్రగా మారతాయి, వాన నీళ్లు కూడా ఎర్రగానే పారతాయి, బల్బు మీద ఆ దుమ్ము పట్టి వెలుగు చెదురుతోంది, అంతే. “పుస్తకంలో రాశాను కదే. గుడ్డ పెట్టి తుడువు.” కొండ కింద ముప్పై ఏళ్లు బతికినవాడికి కళ్ల ముందు ఏ తేడా వచ్చినా దుమ్మే గుర్తొస్తుంది. దగ్గు వస్తే దుమ్ము, మోటారు కాలితే దుమ్ము. నా భార్య కళ్లలో ఒత్తిడి పెరిగి నరం ఎండిపోతుంటే, దానికీ నేను దుమ్మనే పేరు పెట్టాను.

ఆవిడ నా మాట నమ్మింది. ఆ రోజు నుంచి ప్రతి ఉదయం నేను వెళ్లాక స్టూలు వేసుకుని, పాత పంచె ముక్కతో బల్బు తుడిచేది. మా ఇంట్లో బల్బు ఎప్పుడూ మెరుస్తూ ఉండేది. ఎవరైనా వస్తే నేను గర్వంగా చూపించేవాణ్ని కూడా.

రెండువేల పదిహేనులో ఎల్‌ఈడీలు వచ్చాయి. తొమ్మిది వాట్లు. మీటరు నూట ఇరవై నాలుగు చూపించింది. “ఎలా ఉందే?” అని అడిగాను.

“బాగుందండి” అంది.

గెలిచాననుకున్నాను. ఆరేళ్ల తర్వాత ఒప్పుకుందని ఆ రోజు హిడ్మాకు మిఠాయి కూడా పెట్టాను. నాకు చెప్పి లాభం లేదని ఆవిడ చెప్పడం మానేసిందని ఇప్పుడు తెలుస్తోంది.

ఆ మరుసటి ఏడు ఆగస్టులో, ఉదయం పది గంటలకి సబ్‌స్టేషన్‌లో ఉన్నాను. హిడ్మా వానలో తడుస్తూ వచ్చి, “సాబ్, ఇంటి దగ్గర అమ్మాజీ పడిపోయింది” అన్నాడు. ఇంటికి వెళ్లేసరికి సుశీల వంటింటి నేల మీద గోడకి ఆనుకుని కూర్చుంది. ఎడమ మణికట్టు వంకరగా ఉంది. పక్కన పంచె ముక్క, బోర్లాపడ్డ స్టూలు. పైన బల్బు తళతళలాడుతోంది.

మా ఇంట్లో పని చేసే సోమక్క ఆవిడ తల పట్టుకుని ఉంది. సోమక్కది బాసగూడ. అక్కడి గొడవల్లో ఊరు చెదిరిపోతే కాలనీ కింది బస్తీకి వచ్చి, ఒక్క బల్బు కనెక్షన్ ఉన్న గుడిసెలో ఉంటోంది. నేను అలవాటు కొద్దీ సుశీల మీదే అరిచాను.

“చూసి దిగాలి కదా! స్టూలు అంచు కనిపించలేదా?”

సోమక్క తలెత్తి నన్ను వింతగా చూసింది.

“ఏంది సారూ, గట్లంటరు? అమ్మకు కండ్లు కనవడ్తలేవు గద. మీకెర్క లేదా?”

“ఏం మాట్లాడుతున్నావ్?”

“రెండేండ్ల సంది బియ్యంల రాళ్లు నేనే ఏర్తున్న. కూర నేనే కోసిపెట్టి పోతున్న. కుడిదిక్కు నిలవడితె అమ్మకు నేనున్నట్టే తెల్వది. మీరు ఇంటాయన, మీకు తెల్సే ఉంటది అనుకున్న.”

సుశీల కుడిచేత్తో సోమక్క మోచేయి నొక్కింది, ఆపమని. నాకు ఆ క్షణంలో సిగ్గు కూడా కలగలేదు. ముందు కోపం వచ్చింది. ఈ సంగతి పనిమనిషికి తెలిసి నాకు తెలియకపోవడమేమిటని. నా సంగతి నేను దాచుకోదలచుకోలేదు కాబట్టి చెబుతున్నాను, మొదట వచ్చింది కోపమే.

ఆసుపత్రిలో చేతికి కట్టు వేసిన డాక్టరమ్మ, వెళ్లబోతూ సుశీల చూపు గమనించి ఆగింది. చిన్న వయసు, రాయపూర్ వైపు పిల్ల. తెలుగు రాదు. సుశీల హిందీ కూరల బజారు దాటదు. నేను మధ్యలో నిలబడి చెప్పాలి. డాక్టరమ్మ తన వేలు సుశీల చెవి పక్కన పెట్టి, కనిపిస్తే చెప్పమంది.

“ఏది?” అంది సుశీల.

వేలు చెవి దగ్గర నుంచి చెంప మీదికి వచ్చింది. చెంప నుంచి కంటి కొస దాకా వచ్చింది. నాకు ఆ వేలు, దాని గోరు, గోటికి అంటిన సిరా మరక కూడా కనిపిస్తున్నాయి. సుశీల ఎదురుగా గోడ వైపు చూస్తూ, అడిగింది చెప్పలేని పిల్లలా పెదవి కొరుక్కుంటోంది. వేలు సరిగ్గా ముక్కు ముందుకు వచ్చాక, “ఆ, ఇప్పుడు అగుపడింది” అని సంతోషంగా అంది.

డాక్టరమ్మ నా వైపు తిరిగి హిందీలో అడిగింది, దీపాల చుట్టూ రంగుల గుండ్రాలు కనిపించేవా అని.

ఆ ప్రశ్న నేనే మా ఆవిడకు చెప్పాలి.

“బల్బుకి వరదగుడి కట్టేదా అని అడుగుతున్నారు” అన్నాను.

“మీకు తెల్సు కదండి” అంది సుశీల. అందులో దెప్పు లేదు. నిజంగానే, నాకు తెలిసిన సంగతి కాబట్టి నేను చెప్పేస్తే సరిపోతుంది కదా అన్నట్టు అంది.

రెండేళ్ల నుంచి కనిపిస్తున్నాయని డాక్టరమ్మకు చెప్పాను. మరి ఇంతకాలం ఎందుకు చూపించలేదని ఆవిడ అడిగింది. ఆ ప్రశ్న మాత్రం నేను తెలుగులోకి మార్చలేదు. “ఏటంటన్నారు?” అని సుశీల అడిగితే, “విశాఖపట్నం తీసుకెళ్లమంటున్నారు” అన్నాను. అది కూడా అన్నదిలెండి, తర్వాత.

విశాఖ ప్యాసింజరు దారి నిండా సొరంగాలే. రైలు సొరంగంలోకి వెళ్లినప్పుడల్లా పెట్టె అంతా చీకటై, పిల్లలు కేకలు వేసేవారు. సుశీల మాత్రం చీకటి వచ్చినా వెలుతురు వచ్చినా ఒకేలా కూర్చుంది. కేకలు విని, “సొరంగమా?” అని అడిగేది. నేను అవుననేవాణ్ని. ఒక సొరంగంలో నేను చేయి జాపి వెతికితే ఆవిడ చేయి దొరకలేదు. సొరంగం దాటాక చూస్తే, ఆ చేయి నా పక్కనే, ఆవిడ ఒళ్లో కట్టు మీద ఉంది.

విశాఖలో కంటి డాక్టరు పెద్దాయన, తెలుగాయన. జబ్బు పేరు నీటికాసులు, ఇంగ్లీషులో గ్లాకోమా అన్నాడు. కుడికన్ను పూర్తిగా పోయిందట. ఎడమ కంట్లో తాళం సందులోంచి చూసినంత చూపు మిగిలిందట. ఎండిన నరం మళ్లీ చిగురించదన్నాడు. మూడేళ్ల ముందు వచ్చి ఉంటే చుక్కల మందుతోనే చూపు నిలబెట్టేవాళ్లమన్నాడు. అప్పటిదాకా నేను కట్టుకున్న ధైర్యమంతా ఆ మూడేళ్లన్న మాట దగ్గర కూలిపోయింది. డాక్టరు ముందే ఏడ్చాను. సుశీల నా వైపు తిరిగి, నేనున్న చోటుకి కొంచెం పక్కగా చేయి చాపి, “ఊరుకోండి, నలుగురూ సూస్తారు” అంది.

ఒక ఆపరేషన్ చేశారు. రోజుకి మూడుసార్లు చుక్కలు, వేళ తప్పకుండా నేనే వేసేవాణ్ని. ఆ తాళం సందు పదిహేను నెలలు నిలిచింది. తర్వాత అదీ మూసుకుంది.

అది రెండువేల పదిహేడు డిసెంబరు. మళ్లీ కరెంటు పొదుపు వారం. కొత్త మేనేజరు నా పాత పుస్తకం తిరగేసి, ఎల్‌ఈడీల సంగతి చేర్చి మళ్లీ అచ్చు వేద్దామన్నాడు. నేను కూర్చుని ఏడో జవాబు కొట్టేసి ఇలా రాశాను: ‘వెలుతురు తగ్గిందని ఇంట్లో ఎవరైనా అంటే మీటరు తేకండి. ముందు వాళ్ల కళ్లు చూపించండి. బల్బు సంగతి తర్వాత.’

మేనేజరు మంచివాడే. చదివి, ఇబ్బందిగా తల గోక్కున్నాడు. “ఇది ఆసుపత్రి విషయం కదా రావుగారూ, మన పుస్తకంలో ఎందుకు?” అన్నాడు.

“అయితే ఏడో ప్రశ్నే తీసెయ్యండి” అన్నాను.

తీసేశాడు. ఆరు ప్రశ్నలతో అచ్చుకి పోయింది.

ఆ సాయంత్రం ఆరు దాటాక ఇంటికి వచ్చాను. కొండ వెనక పొద్దు ఎప్పుడో పోయింది. వీధిలో అన్ని ఇళ్లలోనూ లైట్లున్నాయి, నా ఇల్లు ఒక్కటే చీకటి. సోమక్క ఇంకా ఉంటుంది, సుశీలను బయటికి తీసుకెళ్లిందేమో అనుకున్నాను. తలుపు తోస్తే గొళ్లెం లేదు. గదిలో టప్ టప్ మని చిన్న చప్పుడు. స్విచ్చి వేశాను. సుశీల కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు వొలుస్తోంది. గింజలు గిన్నెలో పడుతున్నాయి. సోమక్క ఎప్పుడో వెళ్లిపోయింది.

“చీకట్లో కూర్చున్నావేటే?” అనేసి, నాలుక కొరుక్కున్నాను.

“లైటేసారా?” అంది. స్విచ్చి చప్పుడు విని ఉంటుంది. “సోమక్క ఏసి ఎల్లింది. నేనే తీసేసినాను.”

“ఎందుకు?”

“మీరే కదండి రాసినారు. అక్కర్లేని సోట లైటు ఉండకూడదని.”

ఆవిడ పరిహాసంగా అనలేదు. ఇన్నేళ్లు కాలనీ అంతా తిరిగి నేను చెప్పిన మాటను, మా ఇంట్లో ఇన్నాళ్లకు ఆవిడ పాటించింది. తడుముకుంటూ గోడ దాకా వెళ్లి, స్విచ్చి వెతికి మరీ పాటించింది.

“నాకు తెలవదండి అది ఎలుగుతున్నాదో లేదో. తెలవనప్పుడు దండగే కదా” అంది మళ్లీ, గింజ గిన్నెలో వేస్తూ.

నేను వెనక గదిలోకి వెళ్లాను. మంచం కింద ఒక అట్టపెట్టె ఉంది. రెండువేల తొమ్మిదిలో మా ఇంట్లో విప్పిన పాత బల్బులు అందులో ఉన్నాయి. మిగతా ఇళ్లవన్నీ ప్రాజెక్టుకి అప్పజెప్పినవాణ్ని, నావి మాత్రం ఎందుకో పేపరు చుట్టి దాచాను. వంటింట్లోంచి తీసిన అరవై వాట్ల బల్బు ఒకటి, తీగ తెగకుండా బాగానే ఉంది. దానికో హోల్డరు, రెండు గజాల వైరు కట్టి, సుశీల కుర్చీ పక్కన కిటికీ ఊచకి, ఆవిడ చెంపకు జానెడు దూరంలో వేలాడదీసి స్విచ్చి వేశాను.

సుశీల కాసేపు గింజలు వొలుస్తూనే ఉంది. తర్వాత చేతులు ఆగాయి. మొహం నెమ్మదిగా బల్బు వైపు తిరిగింది.

“ఏటండిది? ఎండలాగుంది.”

“బల్బే. పాతది. సీఎఫ్‌ఎల్‌కి ముందు వంటింట్లో ఉండేది చూడు, అది.”

ఆవిడ చేయి ఎత్తి, అరచేయి బల్బుకి ఎదురుగా పెట్టింది. చలికాలం కుంపటి ముందు పెట్టినట్టు. వంద వంతుల్లో తొంభై ఐదు వంతులు దండగ అని నేను ఇంటింటికీ చెప్పిన వేడి ఆవిడ వేళ్ల మీద పడుతోంది.

“ఇది తెలుస్తందండి” అంది. “ఇది ఎలుగుతున్నట్టు తెలుస్తంది.”

నేను నేల మీద కూర్చున్నాను. ఆ పసుపు వెలుతురులో, అంత దగ్గర నుంచి, చాలా ఏళ్ల తర్వాత ఆవిడ మొహం చూశాను. వంటింట్లో ఎంత వెలుతురు పడుతోందో మూడు రకాల బల్బుల కింద కొలిచి చూసినవాణ్ని, ఆ వెలుతురులో నిలబడిన మనిషిని మాత్రం చూడలేదు. కుడి కణత మీద, జుట్టు మొదలయ్యే చోట, వేలెడు పొడుగు మచ్చ ఉంది. మానిపోయి, తెల్లబడి, పాతదైపోయింది. నేను దాన్ని ఎప్పుడూ చూడలేదు. వేలు పెట్టి తడిమాను.

“ఇదేటే? ఎప్పుడు తగిలింది?”

సుశీల నా వేలు ఎక్కడుందో చేత్తో వెతికి, మచ్చ తాకి, గుర్తు తెచ్చుకుంది.

“అదా? తలుపు గుద్దుకున్నాను. సీఎఫ్‌ఎల్ ఉన్నప్పటిదండి” అంది.